కదలని కారుకి ముందు చూడాల్సింది బ్రేకులు

చెన్నైలో టీ నగర్, మైలాపూర్, షెనాయ్ నగర్ లాంటి చోట్ల పాత ఇళ్ల పోర్టికోల్లోనూ వెనకవైపు రేకుల షెడ్లలోనూ ఇంకా కొన్ని కార్లు టార్పాలిన్ కప్పుకుని ఉన్నాయి. ఎక్కువగా ప్రీమియర్ పద్మిని, అంబాసిడర్. అరుదుగా స్టాండర్డ్ హెరాల్డ్, అదీ ఈ ఊరి శివార్లలో పెరుంగళత్తూర్, వండలూర్ వైపు తయారైన బండే. నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తాతగారు కొన్న మొదటి కారు అయుంటుంది. ఆయన పోయాక అమ్మబుద్ధి కాలేదు, నడిపేవాళ్లూ లేరు. ఏళ్ల తర్వాత ఇంట్లో ఎవరికో దాన్ని రోడ్డెక్కించాలని పుడుతుంది. అప్పుడు జరిగేది దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే. కొత్త బ్యాటరీ, కడిగిన ట్యాంకు, ప్లగ్గులు, కార్బొరేటరు. ఇంజను స్టార్టయిన రోజు పండగే. ఆ ఊపులో ఎవరో పెడల్ నాలుగుసార్లు తొక్కి చూసి, "బ్రేకు కూడా పడుతోంది మామయ్యా, ఒక రౌండు వేసొద్దాం" అంటారు. కారు గేటు దాటేస్తుంది.

ఆ ఒక్క మాట గురించే ఈ వ్యాసం. ఏళ్లుగా ఆగి ఉన్న కారులో పెడల్ గట్టిగా తగలడం బ్రేకులు బాగున్నాయనడానికి రుజువు కాదు. ఇంజను పాడైతే స్టార్టవదు, లేదా దారిలో ఆగిపోతుంది. ఏదో తేడా ఉందని అదే చెబుతుంది. బ్రేకు అలా చెప్పదు. షెడ్డులో పదిసార్లు పట్టి, పదకొండోసారి అన్నా సాలై సిగ్నల్ దగ్గర పెడల్ నేలకి అంటుకుపోవచ్చు. ఎందుకలా జరుగుతుందో అర్థమైతే, ఏం విప్పాలి, ఏం మార్చాలి అన్నది మెకానిక్ చెప్పకుండానే మనకి తెలిసిపోతుంది.

పెడల్ వెనక లెక్క

మీరు పెడల్ మీద 20 కేజీల బరువు వేశారనుకోండి. పెడల్ మీటలా పనిచేస్తుంది. దాని నిష్పత్తి ఐదు రెట్లయితే, బ్రేక్ ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ మీద 100 కేజీలు పడతాయి. ఆ సిలిండర్ లోపలి వ్యాసం ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లయితే పిస్టన్ వైశాల్యం దాదాపు 2.85 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి పైపుల్లో ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 35 కేజీల ఒత్తిడి ఉంటుంది. కారు టైర్లో ఉండే గాలికి ఇది పదిహేను రెట్లకు పైమాటే. పాస్కల్ సూత్రం ప్రకారం ఆ ఒత్తిడి నాలుగు చక్రాల దగ్గరా ఒకేలా ఉంటుంది. చక్రం దగ్గరుండే వీల్ సిలిండర్ కూడా అదే సైజులో ఉంటే అందులోని ఒక్కో పిస్టన్ 100 కేజీలతో షూని, అంటే లైనింగ్ అనే రాపిడి పట్టీ అతికించిన వంపు పలకని, చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము మీదకి నెడుతుంది. కాలితో తొక్కిన 20 కేజీలు ఇంత బలంగా మారడం దీని గొప్పతనం.

ఇందులో కదిలే ఆయిల్ ఎంతో చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది. మాస్టర్ పిస్టన్ రెండున్నర సెంటీమీటర్లు కదిలితే నెట్టేది సుమారు ఏడు మిల్లీలీటర్లు. ఒకటిన్నర టీస్పూను. టన్ను బరువున్న బండి ఆగడం ఆ ఒకటిన్నర టీస్పూను మీద ఆధారపడి ఉంది. పైపులో ఎక్కడో ఐదు మిల్లీలీటర్ల గాలి చేరిందనుకోండి. 35 కేజీల ఒత్తిడికి అది నలిగి పిసరంత అయిపోతుంది. అంటే పెడల్ ప్రయాణంలో చాలా భాగం గాలిని నలపడానికే ఖర్చయిపోయింది, షూకి అందేది నామమాత్రం. చుక్కలు చుక్కలుగా కారే లీకు కూడా అందుకే చిన్న విషయం కాదు.

ఆయిల్ నీళ్లు తాగుతుంది

బ్రేక్ ఆయిల్ అని మనం పిలిచేది నిజానికి ఇంజనాయిల్ లాంటి నూనె కాదు. మామూలుగా దొరికే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ ఈథర్లతో చేసినవి. వీటికి నీటిని పీల్చుకునే గుణం ఉంది. వానాకాలంలో మూత పెట్టిన డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లినట్టే, ఆయిల్ నిలవుండే రిజర్వాయర్ మూతకున్న గాలి రంధ్రం నుంచీ రబ్బరు హోసుల గోడల నుంచీ తేమ నెమ్మదిగా లోపలికి చేరుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తడితడిగా ఉండే ఊరు మనది. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రపు ఒడ్డు పేటల్లో ఉప్పు గాలి కూడా తోడవుతుంది.

తేమ వల్ల రెండు నష్టాలు. మొదటిది మరుగు స్థానం. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కి అయితే 205 నుంచి 140కి. ఏలగిరి కొండ మీది 14 హెయిర్‌పిన్ మలుపులు దిగుతూ కాలు బ్రేకు మీదే ఉంచితే డ్రమ్ములు కాలిపోతాయి, వీల్ సిలిండర్‌లో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి కూడా గాలిలాగే నలిగిపోతుంది. మలుపు దగ్గర పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. బండి కాసేపు ఆగి చల్లబడ్డాక పెడల్ మళ్లీ మామూలుగా ఉంటుంది, ఏం జరిగిందో ఎవరికీ అంతుపట్టదు.

రెండో నష్టం తుప్పు. ఆగి ఉన్న కారుకి పెద్ద దెబ్బ ఇదే. వీల్ సిలిండర్లు చాలావరకు పోత ఇనుముతో చేసినవి. ఆయిల్‌లో కలిపిన తుప్పు నిరోధకాలు ఏళ్లు గడిచేసరికి అయిపోతాయి. పిస్టన్, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పు ఏళ్లకేళ్లు కదలకుండా ఒకేచోట ఉంటాయి. వాటి అంచు దాటిన చోట ఇనుము మీద సన్నటి గుంటలు పడతాయి. కప్పు ఉన్నచోట ఉన్నంతకాలం లీకు కనబడదు. లైనింగ్ అరిగిన కారులో పిస్టన్లు బయటివైపు జరిగి ఉంటాయి. మీరు కొత్త లైనింగ్ వేయించగానే అవి లోపలికి, ఇన్నాళ్లూ మురికి, తుప్పు పేరుకున్న చోటికి వెళ్తాయి. కప్పు పెదవి ఆ గుంటల మీద రాసుకుంటుంది. కొత్త లైనింగ్ వేసిన కొద్ది రోజులకే చక్రం లోపల తడి కనబడితే, చాలామంది లైనింగ్ వేసినవాడిని తిడతారు. తప్పు అతనిది కాదు, సిలిండర్ తెరిచి చూడకపోవడానిది.

మాస్టర్ సిలిండర్‌లోనూ ఇదే కథ, ఇంకా లోతుగా. రోజూ నడిచే కారులో పెడల్ సగమే దిగుతుంది, కాబట్టి కప్పు సిలిండర్ మొదటి భాగాన్నే తుడుస్తూ ఉంటుంది. మిగతా సగం ఎప్పుడూ తుడవబడని నేల. అక్కడ తుప్పు, గట్టిపడ్డ మడ్డి పేరుకుంటాయి. ఇప్పుడు ఎయిర్ తీయడానికి, అంటే పైపుల్లోని గాలిని బయటికి పంపడానికి, ఒకరు లోపల కూర్చుని పెడల్‌ని చివరిదాకా తొక్కుతారు. కప్పు జీవితంలో మొదటిసారి ఆ గరుకు భాగం దాటుతుంది, దాని పెదవి గీసుకుపోతుంది. ఆ రోజుకి పని చేస్తుంది. వారానికో నెలకో సిగ్నల్ దగ్గర కాలు అలాగే ఉంచితే పెడల్ నెమ్మదిగా కిందికి జారడం మొదలవుతుంది. ఆయిల్ బయటికి ఎక్కడా కారదు, ఎందుకంటే అది కప్పు దాటి సిలిండర్ లోపలే వెనక్కి వెళ్తోంది. అందుకే ఏళ్లుగా ఆగిన కారుకి పాత ఆయిల్ తీసి కొత్తది పోసి ఎయిర్ తీసేస్తే చాలనడాన్ని నేను ఒప్పుకోను. ఆ పని బాగున్న సిలిండర్‌ని కూడా పాడు చేయగలదు.

కాబట్టి మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల సిలిండర్లు విప్పి, లోపలి గోడని వెలుతురులో చూడాలి. మరకలే ఉంటే సన్నటి హోనింగుతో, అంటే లోపలి గోడని సన్నగా రుద్ది నున్నచేస్తే, పోతాయి. గోరుకి తగిలే గుంట ఉంటే హోనింగు పనికిరాదు. గుంట పోయేదాకా అరగదీస్తే వ్యాసం పెరిగిపోయి కప్పు వదులవుతుంది. అప్పుడు రెండే దారులు. కొత్త సిలిండర్ దొరికితే అది. దొరకని మోడల్ అయితే మంచి లేత్ పనివాడితో సిలిండర్‌ని బోర్ చేయించి, లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ లేదా ఇత్తడి స్లీవ్ (సన్నటి గొట్టం) దింపించి, పాత వ్యాసానికే తెప్పించడం. హెరాల్డ్ లాంటి బండికి రెండోదే మెరుగనిపిస్తుంది. ఇత్తడి, స్టెయిన్‌లెస్ తుప్పుకి లొంగవు, బయటి సిలిండర్ మాత్రం కంపెనీదే ఉంటుంది.

రబ్బరు

కిట్ అని అమ్మే రబ్బరు కప్పులు చవక. వాటిని మార్చకుండా పాతవే కడిగి వేయడంలో అర్థం లేదు. కానీ కడిగే విషయంలో మన షెడ్లలో ఒక పాత అలవాటు చాలా హాని చేస్తోంది. చేతికందిన పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో సిలిండర్ కడిగేస్తారు, బిగించేటప్పుడు మామూలు గ్రీజు రాస్తారు. గ్లైకాల్ ఆయిల్ కోసం చేసిన రబ్బరుకి ఖనిజ తైలం విషం. అది తగిలిన కప్పు ఉబ్బి, మెత్తబడి, సిలిండర్‌లో ఇరుక్కుంటుంది. రిజర్వాయర్‌లో పొరపాటున ఇంజనాయిలో పవర్ స్టీరింగ్ ఆయిలో కొద్దిగా పోసినా సరే, సిస్టమ్‌లోని రబ్బరంతా మార్చాల్సిందే. కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా కొత్త బ్రేక్ ఆయిల్ వాడాలి. బిగించేటప్పుడు రాయడానికి కొత్త బ్రేక్ ఆయిల్ చాలు, లేదంటే బ్రేకుల కోసమే అమ్మే ఎర్ర రబ్బరు గ్రీజు.

హోసులు ఇంకా మోసకారివి. చక్రం పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి ఇనప పైపు చివర రబ్బరు హోసు ఉంటుంది. పైకి నల్లగా నిగనిగలాడుతూ ఉన్నా, లోపలి పొర ఉబ్బి రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు. పెడల్ బలంగా తొక్కితే ఆయిల్ ఎలాగో దూరి చక్రానికి చేరుతుంది. కాలు తీశాక దాన్ని వెనక్కి నెట్టాల్సింది షూల స్ప్రింగు మాత్రమే. ఆ కొద్ది బలానికి ఆయిల్ తిరిగి రాదు. చక్రం పట్టుకునే ఉండిపోతుంది, డ్రమ్ము కాలుతుంది, బండి ఒక పక్కకి లాగుతుంది. వయసు తెలియని హోసు ఏదైనా సరే, చూడ్డానికి ఎంత బాగున్నా తీసేయడమే.

పట్టిన చక్రం వదలకపోవడానికి మరో రెండు కారణాలుంటాయి. మూడింటినీ విడదీయడం తేలికే. చక్రం జాకీ మీద ఎత్తి, పెడల్ తొక్కి వదిలి, తిప్పి చూడండి. తిరగకపోతే ముందు మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు కాస్త వదులు చేయండి. అప్పుడు చక్రం వదిలితే లోపం పైనే ఉంది. కాలు తీశాక ఆయిల్ రిజర్వాయర్‌లోకి తిరిగి వెళ్లడానికి మాస్టర్ సిలిండర్‌లో మిల్లీమీటరు కన్నా సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. అది మడ్డితో మూసుకుపోయి ఉండాలి. లేదా పెడల్ పుష్ రాడ్‌కి ఉండాల్సిన కొద్దిపాటి ఆట లేకుండా బిగించేయడం వల్ల పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక, ఆ రంధ్రం కప్పు కిందే ఉండిపోయి ఉండాలి. పైన వదులు చేసినా చక్రం కదలక, వీల్ సిలిండర్ మీద గాలి వదిలే నిపుల్ తెరిచాక కదిలితే హోసుదే తప్పు. నిపుల్ తెరిచినా కదలకపోతే ఆయిల్‌తో సంబంధం లేదు. పిస్టన్ తుప్పుతో బిగుసుకుంది, లేదా షూలు, హ్యాండ్ బ్రేక్ కేబులు ఇరుక్కున్నాయి. ఈ వరసలో చూడకుండా ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతే డబ్బు అయిపోతుంది, లోపం అక్కడే ఉంటుంది.

డ్రమ్ము విప్పేటప్పుడు

ఆగి ఉన్న కారు డ్రమ్ము ఊరికే రాదు. హ్యాండ్ బ్రేక్ వేసి వదిలేసిన బండి అయితే షూలు తుప్పుతో డ్రమ్ముకి అతుక్కుపోయి ఉంటాయి. 2015 డిసెంబరు వరదల్లోనో, 2023లో మిచాంగ్ తుఫానుకో నీళ్లలో మునిగిన కార్లలో సన్నటి బురద కూడా గట్టిపడి ఉంటుంది. సుత్తితో బాదితే పోత ఇనప డ్రమ్ము చిట్లుతుంది. ముందు హ్యాండ్ బ్రేక్ కేబులు వదులు చేసి, షూలకీ డ్రమ్ముకీ మధ్య దూరం సరిచేసే అడ్జస్టర్‌ని వెనక్కి తిప్పి షూలని దగ్గరికి లాగాలి. అడ్జస్టర్ నలుపలకల తల తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ పోసి, దానికి సరిపోయే పానాయే వాడాలి. కటింగ్ ప్లేయరు పెడితే ఆ తల గుండ్రంగా అరిగిపోతుంది, ఇక దానితో జన్మంతా తంటా.

డ్రమ్ము వచ్చాక లోపలి దుమ్మును గాలితో ఊదొద్దు. ఆ కాలపు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే దశాబ్దాల తర్వాత ప్రాణం తీసే జబ్బులు వస్తాయి. కంప్రెసర్ పైపుతో డ్రమ్ములు ఊదే కుర్రాళ్లని చూసినప్పుడల్లా నాకు దిగులేస్తుంది, వాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. నీళ్లతో తడిపి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవరులో కట్టి పారేయాలి. ముఖానికి మంచి మాస్కు ఉండాలి. మీ కారు పని చేస్తున్న కుర్రాడికి కూడా ఒకటి కొనివ్వండి.

లైనింగ్ మందం చాలా ఉందని పాతదే ఉంచేస్తుంటారు. జిగురుతో అతికించిన లైనింగు కింద ఇనప షూ తుప్పు పట్టి, పొర ఉబ్బి, లైనింగ్ పలకలా ఊడొచ్చే ప్రమాదం ఉంది. అది డ్రమ్ములో ఇరుక్కుంటే చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. బ్రేక్ ఆయిల్ తాగిన లైనింగ్‌ని పెట్రోలుతో కడిగినా, మంట మీద కాల్చినా లోపలి ఆయిల్ పోదు. అలాంటి షూలకి కొత్త లైనింగ్ వేయించడమే.

డ్రమ్ము లోపల తుప్పు గుంటలుంటే లేత్ మీద సన్నగా తీయిస్తారు. ఎంత తీయొచ్చన్నదానికి హద్దుంది. కొన్ని డ్రమ్ముల మీద గరిష్ఠ వ్యాసం అచ్చు వేసి ఉంటుంది. లేనివాటికి మొత్తం వ్యాసం పెరుగుదల ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. ఇక్కడ ఎక్కువమంది గమనించనిది ఒకటుంది. డ్రమ్ము తీయించాక దాని వంపు కొంచెం పెద్దదవుతుంది, కొత్త లైనింగ్ వంపు మాత్రం పాత కొలతకే ఉంటుంది. దాంతో లైనింగ్ మధ్య భాగమే తగులుతుంది, రెండు చివరలూ గాలిలో ఉంటాయి. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. లైనింగ్ మీద సుద్ద రాసి, డ్రమ్ములో తిప్పి, ఎక్కడ రాసుకుంటోందో చూసి, ఆ మేరకు అరగదీయించాలి. ఓపిక ఉన్న పనివాడికే ఇది సాధ్యం, అలాంటివాడు దొరికితే అడిగిన కూలి ఇవ్వండి.

షూల స్థానం కూడా మారకూడదు. చక్రం తిరిగే దిశలో ఉన్న ముందు షూని డ్రమ్మే తనవైపు లాక్కుంటుంది, అది ఎక్కువ పని చేస్తుంది. వెనక షూ తక్కువ. రెంటినీ తారుమారు చేస్తే ఒక పక్క బలంగా, ఇంకో పక్క నీరసంగా పడుతుంది. విప్పే ముందు ఫోనుతో రెండు ఫొటోలు తీసుకుంటే ఈ బాధ ఉండదు. ఒక పక్క పూర్తిగా బిగించాకే రెండో పక్క విప్పితే ఇంకా మేలు.

ఇనప పైపుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బయట తుప్పు పొరలుగా లేస్తుంటే మార్చాలి. మార్చేటప్పుడు ఏసీలకి వాడే ఉత్త రాగి గొట్టం వేయనివ్వకండి, అదురుకి రాగి గట్టిపడి పగులుతుంది. రాగి, నికెల్ కలిపిన పైపు బ్రేకులకి సరైనది. అంచు మడత కూడా పాత నట్టుకి సరిపోయే రకమే ఉండాలి.

సామాను ఎక్కడ, ఏది

ఒక విషయంలో చెన్నైవాళ్లం అదృష్టవంతులం. దేశానికి బ్రేకులు చేసిపెట్టిన ఊరు ఇది. పాడిలో 1962 నుంచి బ్రేక్స్ ఇండియా, అక్కడే 1974లో మొదలైన సుందరం బ్రేక్ లైనింగ్స్, అంబత్తూరు వైపు రాణే బ్రేక్ లైనింగ్. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో వరసగా ఉన్న స్పేర్ పార్టుల దుకాణాల్లో అంబాసిడర్, పద్మిని కిట్లు అడిగితే తీసిస్తారు, లేదా ఎవరి దగ్గరుంటాయో చెబుతారు. అక్కడ తమిళంలో మొదలుపెట్టిన బేరం నెల్లూరు యాసలో ముగియడం మామూలే. పుదుపేటలో పాత బండ్ల సామాను దొరుకుతుంది. నా మాట అడిగితే డ్రమ్ము, బ్యాక్ ప్లేటు (షూలు బిగించే వెనక పలక), లైనింగ్ లేని ఉత్త షూ లాంటి ఇనప వస్తువులకి పుదుపేట వెళ్లండి. రబ్బరు ఉన్నది ఏదైనా అక్కడ కొనకండి.

పాత స్టాకు విషయంలోనూ జాగ్రత్త కావాలి. ముప్పై ఏళ్ల కిందటి కంపెనీ డబ్బా సీలు విప్పకుండా దొరికితే సంబరపడతాం. లోపలి సిలిండర్ బంగారమే, దాంట్లోని రబ్బరు మాత్రం డబ్బాలోనే ముసలిదైపోయింది. కప్పుని వేళ్లతో మడిచి చూస్తే సన్నటి పగుళ్లు కనబడతాయి. సిలిండర్ ఉంచుకుని, రబ్బరు కొత్తది వేసుకోవాలి.

ఆయిల్ విషయంలో సిలికాన్‌తో చేసిన డాట్ 5 గురించి చాలా వాదన నడుస్తుంది. అది నీళ్లు పీల్చదు, పెయింటు మీద పడినా పాడు చేయదు. ఎక్కువకాలం ఆగి ఉండే కారుకి అదే మందు అనిపిస్తుంది. కానీ లోపలికి చేరిన నీరు అందులో కలవదు కాబట్టి ఎక్కడ పల్లముంటే అక్కడ, అంటే వీల్ సిలిండర్ అడుగున, చుక్కగా నిలిచి ఆ చోటునే తినేస్తుంది. బుడగలు కూడా దీంట్లోంచి ఒక పట్టాన పోవు. గ్లైకాల్ ఆయిల్‌తో కలపకూడదు, అందుకని దారిలో అవసరపడితే పెట్రోలు బంకులో దొరికిన సీసా పోయలేం. నేనైతే డాట్ 4 పోసి రెండేళ్లకోసారి మార్చమంటాను. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 వేరే, అది గ్లైకాల్ రకమే. ఏదైనా సీలు తీసిన సీసాని మిగిల్చి వచ్చే ఏడాది వాడొద్దు, అది ఈపాటికి తేమ తాగేసి ఉంటుంది.

ఎయిర్ తీయడం, తర్వాత పరీక్ష

మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి సాధారణంగా వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. నిపుల్‌కి పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో చివర కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. లోపల కూర్చున్నవాళ్లు పెడల్‌ని నెమ్మదిగా తొక్కాలి, దడదడా కొడితే గాలి నురగైపోయి ఇక రాదు. రిజర్వాయర్ ఒక్కసారి ఖాళీ అయినా పని మళ్లీ మొదటికొస్తుంది. పాత మాస్టర్ సిలిండర్ గోడ శుభ్రం చేయకుండా పెడల్ చివరిదాకా తొక్కొద్దని ముందే చెప్పాను.

ఇప్పుడు పెడల్ మాటలు వినొచ్చు, లోపల ఏముందో మనకి తెలుసు కాబట్టి. స్పాంజిలా మెత్తగా ఉంటే గాలి మిగిలింది. మొదటిసారి లోతుకి దిగి, రెండోసారి తొక్కితే పైకొస్తుంటే చాలావరకు షూల అడ్జస్ట్‌మెంట్ దూరంగా ఉంది. కాలు ఉంచితే జారుతుంటే మాస్టర్ కప్పు, లేదా ఎక్కడో లీకు. రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే లైనింగు నున్నబడి ఉండాలి, ఆయిల్ తాగి ఉండాలి, లేదా వంపు కలవలేదు. అయితే ఆ కాలపు మన కార్లలో చాలావాటికి కాలి బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టర్ లేదు. ఇవాళ్టి కార్లకి అలవాటుపడిన కాలికి ఆ పెడల్ మొరటుగా తగలడం లోపం కాదు.

రోడ్డెక్కే ముందు పెడల్‌ని మీ బలమంతా పెట్టి తొక్కి రెండు నిమిషాలు అలాగే పట్టండి. మరొకరు టార్చితో ప్రతి జాయింటూ, ప్రతి బ్యాక్ ప్లేటు కింది అంచూ చూడాలి. నాలుగు చక్రాల కింద అట్టముక్కలు పరిచి రాత్రంతా వదిలేయండి. బ్రేకులు విప్పి ఉన్న రోజుల్లో బండిని నెట్టాల్సి వస్తే, చక్రం వెంబడే చెక్క దిమ్మె పట్టుకుని ఒక మనిషి నడవాలి. ఇంటి ముందు చిన్న వాలే కదా అనుకోకూడదు.

ఆ తరం కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే సర్క్యూట్, అంటే ఒకటే ఆయిల్ దారి. ఎక్కడ ఒక్క హోసు తెగినా నాలుగు బ్రేకులూ పోతాయి. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకి రెండు వేర్వేరు సర్క్యూట్లు తప్పనిసరి చేశారు, మన దగ్గర పాత డిజైన్లు ఆ తర్వాతా చాలా ఏళ్లు నడిచాయి. అందుకే హ్యాండ్ బ్రేక్‌ని పార్కింగు కోసమేనని తీసిపారేయకూడదు. కాలి బ్రేకు పోయిన క్షణాన మీ దగ్గర మిగిలేవి అదీ గేర్లూ మాత్రమే. అది నడుస్తున్న బండిని ఆపగలదో లేదో ఖాళీ స్థలంలో నిదానంగా వెళ్తూ ముందే చూసుకోవాలి. తరచూ ఇంటిల్లిపాదీ ఎక్కే కారైతే రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ వేయించడం నాకు తప్పనిపించదు. పాతది డబ్బాలో దాచుకుంటే కారు అసలుతనం ఎక్కడికీ పోదు. సైజు కుదిరేలా చూడటం, డ్రమ్ములకి కావాల్సిన చిన్న ఒత్తిడి నిలిపే వాల్వు ఉండేలా చూడటం తెలిసినవాడి చేతే చేయించాలి.

మొదటి ప్రయాణం తెల్లవారుజామున, మీ వీధుల్లోనే చేయండి. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) తర్వాత చూద్దాం. ముప్పై, నలభై వేగం నుంచి మెత్తగా ఆపుతూ, మధ్యమధ్య చల్లబడనిస్తూ కొన్ని రోజులు నడిపితే లైనింగు డ్రమ్ముకి అమరుతుంది. ఇంటికొచ్చాక ప్రతి చక్రం దగ్గరా చెయ్యి ఆనించకుండా వేడి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అది వదలడం లేదు. బాగా చల్లగా ఉంటే పట్టడం లేదు. కొండ దారులు ఆ తేడా పోయాకే. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి.

మళ్లీ కొన్నాళ్లు ఆపాల్సి వస్తే చక్రాలకి దిమ్మెలు పెట్టి హ్యాండ్ బ్రేక్ వదిలేయండి. వారానికోసారి పెడల్ పదిసార్లు తొక్కితే కప్పులు ఒకేచోట అతుక్కోవు, వీలైతే వీధి చివరిదాకా తిప్పి తెస్తే ఇంకా మంచిది. పని పూర్తయిన మూడు నెలలకి ఒక వెనక డ్రమ్ము విప్పి, వీల్ సిలిండర్ చివర ఉన్న రబ్బరు తొడుగు అంచుని వేలితో ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉంటే డ్రమ్ము బిగించేయొచ్చు. తడి తగిలితే ఆ సిలిండర్ మళ్లీ బయటికి రావాల్సిందే, మిగతా మూడూ విప్పి చూడాల్సిందే.